పెద్దవారి నివాసం ఎంచుకునేటప్పుడు ముందు హాలు కాదు, మంచం నుంచి బాత్‌రూమ్ దాకా ఉన్న దారి చూడండి

పోయిన వేసవిలో మా అక్కయ్యను వెంటబెట్టుకొని ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల, ఆపైన చెన్నై శివార్లలో, పెద్దవారి కోసం కట్టిన నివాసాలను వరుసగా చూసి వచ్చాను. ఆమెకు 76 ఏళ్ళు. బావ పోయినప్పటి నుంచి కందుకూరు దగ్గరి పల్లెలో సొంత డాబా ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. కొడుకు అమెరికాలో, కూతురు బెంగళూరులో స్థిరపడ్డారు. భవన నిర్మాణాల ఇంజనీరుగా పనిచేసి రిటైరైన అలవాటు కొద్దీ నేను వెళ్ళిన ప్రతిచోటా జేబులో టేపు పెట్టుకున్నాను.

మొదట వెళ్ళిన చోట ముందు హాలు చూసి ముచ్చటపడ్డాను. మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైటే, నల్లని రాతిలో బంగారు రవ్వలు మెరిసేటట్టు పాలిష్ పెట్టి పరిచారు; పైకప్పు దీపాలు నేలలో మళ్ళీ కనబడుతున్నాయి. అక్కయ్య గుమ్మం దగ్గరే ఆగిపోయి నా మోచెయ్యి పట్టుకుంది. "ఇది నేలా, నీళ్ళా రా? దీని మీద నడిచేది ఎట్ట?" అని అడిగింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం అడిగినవారికీ అడగనివారికీ ఆ రాయినే సిఫారసు చేసిన నాకు, అది 76 ఏళ్ళ కళ్ళకు ఎలా కనబడుతుందో అప్పటిదాకా తట్టలేదు. మతిమరుపు వ్యాధి మొదలైనవారికి నేల మీది నల్లటి భాగం గుంటలాగా, మెరిసే చుక్కలు ఏరి తీయవలసిన నలుసుల్లాగా కనబడడం కద్దని తరువాత చదివి తెలుసుకున్నాను.

అప్పటినుంచి ప్రతి నివాసాన్నీ నేను ఒకే కొలతతో కొలిచాను. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చిన మనిషి మంచం మీద నుంచి లేచి, బాత్‌రూమ్‌కు వెళ్ళి, పడకుండా తిరిగి రాగలరా అన్నదే ఆ కొలత. ఆ దారి బాగుంటే తక్కిన లోపాలతో సర్దుకోవచ్చు. అది బాగాలేని చోట ముందు హాలు, తోట, యోగా గది ఎంత అందంగా ఉన్నా నాకు లెక్కలోకి రాలేదు. పెద్దవయసులో తుంటి ఎముక విరిగితే, అప్పటిదాకా తన పని తాను చేసుకున్న మనిషి చాలా సందర్భాల్లో మళ్ళీ ఆ స్థితికి రారు.

మన ముందున్నవి నాలుగు దారులు

మొదటిది, ఉన్న ఇంటినే వయసుకు తగినట్టు మార్చుకొని, అవసరమైతే ఆయాను పెట్టుకోవడం. రెండవది, పట్నం అంచున నెలవారీ డబ్బు తీసుకొని నడిపే వృద్ధాశ్రమం. మూడవది, చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరు, హైదరాబాదు శివార్లలో పెద్దవారికోసమే కట్టి అమ్మే లేదా లీజుకిచ్చే అపార్ట్‌మెంట్లు. నాలుగవది, పది పన్నెండు మందికి మించకుండా ఒక ఇంట్లో ఉంచి చూసుకునే చిన్న ఇంటి పద్ధతి. ఈ నాలుగవది విదేశాల్లో బాగా పాతుకున్నా మన జిల్లాల్లో నాకు ఆ పేరుతో కనబడలేదు. అయినా తక్కిన మూడింటి మంచిచెడ్డలు తూచడానికి అదే మంచి తక్కెడ కాబట్టి ముందుగా దాని సంగతి చెబుతాను.

వృద్ధుల సంరక్షణ భవనం అంటే ఒకప్పుడు ఎక్కడైనా ఆసుపత్రి నమూనాయే. పొడవాటి వరండా, రెండు వైపులా గదులు, మధ్యలో నర్సు బల్ల, గంట కొట్టినప్పుడు భోజనం. దీనికి ఎదురుతిరిగిన వారిలో బిల్ థామస్ అనే అమెరికన్ వైద్యుడు ముఖ్యుడు. ఆయన ఆలోచన ప్రకారం 2003లో మిసిసిపీ రాష్ట్రంలోని టుపెలో అనే ఊళ్ళో గ్రీన్ హౌస్ పేరుతో మొదటి ఇళ్ళు కట్టారు. ఒక్కో ఇంట్లో పది, పన్నెండు మంది. ఎవరి గది వారిది, ఎవరి బాత్‌రూమ్ వారిది. నడుమ వంటిల్లు, దాని పక్కనే అందరూ కూర్చునే ఒకే భోజనబల్ల. పోపు వాసన గదిలోకి వస్తే మనిషికి ఆకలి పుడుతుందన్న, మన అమ్మమ్మలకు ఎవరూ చెప్పనక్కరలేని సంగతి ఆ నిర్మాణానికి కేంద్రం. నెదర్లాండ్స్‌లోని వేస్ప్ పట్టణంలో 2009లో మొదలైన హోగవేక్ ఇంకొక అడుగు ముందుకు వేసింది. అక్కడ ఉండేవారందరూ తీవ్రమైన మతిమరుపు వ్యాధి ఉన్నవారే. ఆరేడుగురు చొప్పున ఇళ్ళలో ఉంటారు. ఇళ్ళ మధ్య వీధులు, కూడలి, సరుకుల దుకాణం, హోటలు ఉన్నాయి. బయటికి వెళ్ళే ద్వారం మీద కాపలా ఉంటుంది గనుక లోపల ఎవరు ఎటు నడిచినా ఆపనక్కరలేదు. ఎక్కడికి నడిచినా దారి తిరిగి ఇంటికే చేరుతుంది; మూసుకుపోయిన వరండా చివర గోడకు ఎదురుగా నిలబడి కంగారుపడే పరిస్థితి రాదు.

ఇదంతా చదువుతుంటే నాకు మన పాత మండువా ఇళ్ళూ, వీధి అరుగులూ గుర్తొచ్చాయి. నడుమ ఆకాశం కనబడే ముంగిలి, చుట్టూ తిరగడానికి వసారా, వీధిలో పోయే మనిషిని పలకరించడానికి అరుగు అనే మూడింటినీ ఇప్పుడు కొత్త పేర్లతో గీసి అమ్ముతున్నారు. పాత ఇళ్ళను మరీ పొగడడం కూడా తగదు. వాటి గడపలు జానెడు ఎత్తు, మరుగుదొడ్డి పెరటి చివర. అరుగు విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిది. నేను చూసిన నివాసాలన్నింటిలోనూ తోట వెనుక వైపు ఉంది, పెద్దవారు మాత్రం గేటు దగ్గరి వాచ్‌మన్ బెంచీ మీద కూర్చొని ఉన్నారు. వారికి పూలమొక్కల కంటే పాలవాడు, స్కూలు ఆటో, కూరగాయల బండి ముఖ్యం. ముందువైపు నీడలో కూర్చునే చోటు ఉందా అని అడగండి.

టేపుతో కొలవవలసినవి

గది తలుపు, బాత్‌రూమ్ తలుపు ఏ అడ్డూ లేకుండా 90 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు మూడడుగులు తెరుచుకోవాలి. ఇది కేంద్ర ప్రభుత్వం 2021లో సవరించి ఇచ్చిన సార్వజనిక సౌలభ్య ప్రమాణాల్లో, అంటే భవనాలు అందరికీ అనువుగా ఉండాలని పెట్టిన ప్రమాణాల్లో, ఉన్న కొలత. మన ఇళ్ళలో బాత్‌రూమ్ తలుపు సాధారణంగా రెండున్నర అడుగులే. చట్రం, రెక్క మందం పోతే చక్రాల కుర్చీ మోచేతులు గీరుకుంటాయి. ఆ తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనుక మనిషి పడిపోతే, ఆ మనిషినే నెట్టుకుంటూ లోపలికి పోవలసి వస్తుంది. లోపల చక్రాల కుర్చీ తిరగడానికి అయిదడుగుల వృత్తం పట్టాలి. ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలి. మన వైపు వాననీటికి భయపడి బేస్‌మట్టం మూడడుగులు లేపుతాం కాబట్టి ముప్పై ఆరడుగుల ర్యాంపు, మధ్యలో నిలబడే చోటు కావాలి. ఒక ఆశ్రమంలో అదే ఎత్తుకు పదడుగుల ర్యాంపు కట్టి, "ఉంది కదండీ" అని చూపించారు. అది స్కూటరు ఎక్కించడానికి పనికొస్తుంది.

నేల సంగతికి మళ్ళీ వస్తే, గ్రానైటు మానుకోనక్కరలేదు, పాలిష్ మానుకుంటే చాలు. అదే చీమకుర్తి రాయిని మంటతో కాల్చి గరుకు చేసినది, లెదర్ ఫినిష్ అని అమ్మేది మన దగ్గర ఫ్యాక్టరీలలోనే దొరుకుతాయి. బాత్‌రూమ్‌లో గరుకు రాయి గానీ మెరుపులేని టైలు గానీ వేయాలి. గోడ టైలు, నేల టైలు, కమోడ్ మూడూ ఒకే తెలుపులో ఉంటే, శుక్లాలు వస్తున్న కంటికి కూర్చునే చోటు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. సీటు రంగు వేరుగా ఉండాలి. వయసుతో కంటి కటకం పసుపుబారి, కనుపాప చిన్నదై, 60 ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుతురు 20 ఏళ్ళ కంటికి చేరేదానిలో మూడో వంతుకు పడిపోతుంది. కాబట్టి మనకు చాలిన దీపం వారికి చాలదు. అలాగని పైనుంచి కళ్ళు చెదిరే ట్యూబులైటు కూడా తగదు. మోకాలి ఎత్తులో, కాలు కిందపెట్టగానే తానే వెలిగే చిన్న దీపాలే రాత్రికి ఉత్తమం.

నెల్లూరు దగ్గర ఒక చోట గదీ, మనుషులూ అన్నీ నచ్చి అక్కయ్య దాదాపు ఒప్పుకుంది. నేను మేనేజరు అనుమతి తీసుకొని బాత్‌రూమ్‌లో ఒక చెంబు నీళ్ళు పోశాను. నీళ్ళు జాలీ వైపు పోలేదు. కమోడ్ ముందు, సరిగ్గా పాదాలు పెట్టే చోట ఒక మడుగు కట్టి, మిగిలినవి నెమ్మదిగా తలుపు కిందుగా గదిలోకి, మంచం వైపు పారాయి. వాటం తప్పి వేసిన నేల అది. తరువాత గోడకున్న స్టీలు కడ్డీని రెండు చేతులతో లాగి చూశాను, ఒక చివర టైలుతో సహా కదిలింది. అది తువ్వాలు వేసుకునే రాడ్డు. పట్టుకునే కడ్డీ అన్నది గోడ ఇటుకలోకి యాంకర్ బోల్టులతో దిగి, మనిషి మొత్తం బరువు ఆపాలి. మేనేజరు నొచ్చుకున్నాడు గానీ కాదనలేదు. ఒక చెంబు నీళ్ళు, ఒక్క గుంజు: ఈ రెండు పరీక్షలకు ఖర్చు లేదు, మొహమాటం మాత్రం వదులుకోవాలి.

ఎండ, వాన, ఆసుపత్రి

ఇతర దేశాల నమూనాలు చూసి కట్టినవారు మరచిపోయేది మన రోహిణి కార్తె. పై అంతస్తులో పడమటి గోడ గది మే నెలలో రాత్రి పది దాటినా పొయ్యిలాగే ఉంటుంది. ముసలి శరీరానికి దప్పిక ఆలస్యంగా తెలుస్తుంది, చెమట సరిగా పట్టదు. వడదెబ్బ ఇంట్లో కూర్చున్నవారికి కూడా తగులుతుంది. ఏసీ ఉందా అని కాదు, కరెంటు పోయినప్పుడు జనరేటరు గదుల్లోని ఏసీలకు ఇస్తారా, వరండా దీపాలకే ఇస్తారా అని అడగాలి. డాబా మీద తెల్లటి పూత, పడమటి వైపు చెట్టు లేదా వసారా, ఎదురెదురు కిటికీలు ఉన్న గదికి ఒక పాయింటు ఎక్కువ వేయండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి, జాతీయ రహదారి కూడా తెగి, నెల్లూరుకు రాకపోకలు ఆగిపోయిన సంగతి ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. కింది అంతస్తు గది మెట్లు లేనందుకు మంచిదే. కానీ ఆ స్థలం పల్లమైతే, మంచం పట్టిన మనిషిని రాత్రికిరాత్రి పైకి మోయవలసి వస్తుంది. స్థలం ఎత్తు, చుట్టుపక్కల చెరువులు, కాలువలు గురించి సంస్థవారిని కాదు, ఎదురుగా ఉన్న టీ కొట్టు మనిషిని అడగండి. పై అంతస్తు తీసుకుంటే లిఫ్టులో స్ట్రెచర్ పట్టాలి. నలుగురు మనుషులు పట్టే లిఫ్టులో అది పట్టదు.

పక్షవాతం వచ్చినప్పుడు రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ప్రకాశం జిల్లా పడమటి భాగంలో ప్రశాంతమైన స్థలమని కట్టిన చోటు నుంచి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోండి, పగలు కారులో కాదు, రాత్రి అంబులెన్సు వచ్చి, ఎక్కించుకొని, తిరిగి చేరేదాకా.

ఏది ఎవరికి

చక్కగా నడుస్తూ, భార్యాభర్తలిద్దరూ ఉన్నవారికి నా మొదటి ఓటు సొంత ఇంటి మార్పుకే. అలవాటైన ఇంట్లో చీకట్లో కూడా కాళ్ళకు దారి తెలుసు. బాత్‌రూమ్ తలుపు వెడల్పు చేయడం, గరుకు నేల, కడ్డీలు, కమోడ్ సీటు 18 అంగుళాల ఎత్తుకు లేపడం, గడపలు తీసేయడం, ర్యాంపు, రాత్రి దీపాలు, అన్నీ ఒక మంచి తాపీమేస్త్రీ, ఒక వడ్రంగి, ఒక ఎలక్ట్రీషియను కలిసి చేసే పనే. దీని లోపం కట్టడంలో లేదు, మనుషుల్లో ఉంది. ఆయా మానేసిన రోజున ఇల్లు ఎంత బాగున్నా నిలబడదు, ఒంటరిగా ఉన్నవారికి పలకరించే గొంతు ఉండదు.

ఒంటరిగా ఉండి, ఆరోగ్యంగా ఉండి, నలుగురితో కలవాలనే మనసున్నవారికి మూడవ దారి, అంటే పెద్దవారి అపార్ట్‌మెంట్లు, కట్టడం రీత్యా అన్నింటికన్నా మెరుగ్గా కనబడ్డాయి. నేను చూసినవాటిలో తలుపులు, కడ్డీలు, పిలుపు గంటలు ముందే ఆలోచించి పెట్టారు. అయినా రెండు చిక్కులున్నాయి. మొదటిది భాష. నెల్లూరువారికి చెన్నై పరాయిది కాదు, మూడు నాలుగు గంటల ప్రయాణం. అయినా వయసు మీరి జ్ఞాపకం తగ్గుతున్నప్పుడు చాలామందికి తరువాత నేర్చిన భాషలు ముందు పోయి, తల్లి భాష ఎక్కువ కాలం మిగులుతుంది. రాత్రి డ్యూటీ ఆయాకు తెలుగు రాకపోతే "కడుపులో తిప్పుతా ఉండాది" అన్న మాట ఎవరికి అర్థమవుతుంది? రెండవది భోజనం. చాలాచోట్ల శాకాహారమే. చేపల పులుసు లేని ఆదివారాలు ఒక నెల సరదాగా గడుస్తాయి. గదిలో చిన్న వంట గట్టు, అందులో మాంసాహారం వండుకునే అనుమతి ఉన్నాయో లేదో అడగడానికి సిగ్గుపడవద్దు. అక్కయ్య మొదటి ప్రశ్న అదే.

వృద్ధాశ్రమాలను ఒకే గాట కట్టడం న్యాయం కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షను ప్రతి జిల్లాలో 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం కనీసం ఒకటి ఉండాలని చెబుతుంది, అది నిరాధారులకు. డబ్బు తీసుకొని నడిపేవి వేరు. నేను చూసినవాటిలో కొన్ని వేరే అవసరానికి కట్టిన భవనాలు, అందుకే వరండా చివర ఉమ్మడి బాత్‌రూమ్‌లు, పొడవాటి హాళ్ళలో మంచాలు. కానీ ఒక ఆశ్రమంలో, కట్టడం సాదాసీదాగా ఉన్నా, రాత్రి ఆయా హాలులోనే పడుకుంటుంది, పడమటి వైపు వేపచెట్లున్నాయి, వంటగది కిటికీ దగ్గర నలుగురు ముసలమ్మలు చిక్కుడుకాయలు తుంచుతున్నారు. చిన్న ఇంటి పద్ధతి పేరు వినకుండానే దాన్ని ఆచరిస్తున్న చోటు అది. మంచాన పడినవారికీ, మతిమరుపు ముదిరినవారికీ అలాంటి చోటు దొరికితే, మెరిసే అపార్ట్‌మెంటు కన్నా దాన్నే నేను ఎంచుకుంటాను. మతిమరుపు ఉన్నవారికి ఇంకా చూడవలసినవి: నడిచే దారి మూసుకుపోకుండా చుట్టి రావాలి, గది తలుపు మీద వారికి తెలిసిన ఫోటోనో వస్తువో పెట్టనివ్వాలి, బాత్‌రూమ్ తలుపు మంచం మీద నుంచి కనబడాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. నిర్మాణంలో ఉన్న అపార్ట్‌మెంటు కొనేటప్పుడు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు చూడండి. రిటైర్మెంటు గృహాల కోసం కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది గానీ అవి నమూనాలే. ఒప్పందంలో రాసుకున్నదే మీకు దక్కుతుంది. డిపాజిట్ ఎన్నాళ్ళలో తిరిగి ఇస్తారు, నెలవారీ రుసుము ఏటా ఎంత పెరుగుతుంది, మంచాన పడితే అక్కడే ఉంచుతారా లేక తీసుకుపొమ్మంటారా అనే మూడింటికీ రాతలో జవాబు కావాలి. మూడవదానికి చాలామంది మేనేజర్లు మాట మార్చారు. చూసుకుంటారన్న మాట మీద పిల్లలకో బంధువులకో ఆస్తి రాసేవారు ఆ షరతును దస్తావేజులో రాయించాలి. అలా రాసి, చూసుకోకపోతే 2007 చట్టం 23వ సెక్షను కింద ఆ బదిలీని రద్దు చేయమని కోరవచ్చు. 70 ఏళ్ళు నిండినవారికి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది, అయితే అది ఆసుపత్రి ఖర్చుకే. ఇబ్బంది వస్తే పిలవడానికి దేశమంతటా 14567 అనే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ ఉంది. ఆ నంబరు ఫోను పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

అక్కయ్య ప్రస్తుతానికి ఇంటి మార్పుకే మొగ్గింది. పోయిన నెల వడ్రంగి వచ్చి బాత్‌రూమ్ తలుపు ఊడదీసి, చట్రం వెడల్పు చేసి, బయటికి తెరుచుకునేటట్టు బిగించాడు. అరుగు పక్కన ర్యాంపు కట్టడానికి ఇటుకలు దిగాయి. చిక్కుడుకాయలు తుంచే ఆశ్రమాన్ని మాత్రం ఆమె మరచిపోలేదు. అక్కడ ఒక నెల ఉండి చూడడానికి మేనేజరు ఒప్పుకున్నాడు, సంక్రాంతి వెళ్ళాక చల్లగా ఉన్నప్పుడు రమ్మన్నాడు. "చల్లగా ఉన్నప్పుడు ఏ ఇల్లైనా బాగానే ఉంటది, మే నెలలో వస్తానని చెప్పు" అని అక్కయ్య నాచేతే ఫోను చేయించింది.